బయాప్సీ రిపోర్టులో ‘కార్సినోమా’: ఆ మాటను విప్పి చదవడం ఎలా

కర్నూలు పెద్దాసుపత్రిలో చేయించినా, అనంతపురంలోనో కడపలోనో ప్రైవేటు ల్యాబుకు పంపినా, ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే వస్తుంది. అందులోని ఇంగ్లీషు కూడా సగం గ్రీకు, సగం లాటిన్. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళూ అక్కడ తడబడతారు కాబట్టి చదువు తక్కువని సిగ్గుపడాల్సిందేమీ లేదు. సంధి విడదీసినట్టు ఆ మాటలను విడదీస్తే ఏ రోగం, ఎక్కడ పుట్టింది, ఎంతవరకు పోయింది అన్నవి చాలావరకు తెలుస్తాయి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

ముందుగా రోగం పేరు వెతకొద్దు. మనిషి పేరు, వయసు, ల్యాబు నంబరు, ముక్క ఏ అవయవం నుంచి తీశారు, కుడివైపా ఎడమవైపా అన్నవి సరిచూడండి. ఒకే రోజు ఒకే పేరున్న ఇద్దరి ముక్కలు ల్యాబుకు రావడం మన జిల్లాల్లో వింత కాదు. ఆ తర్వాత ‘గ్రాస్’ అని ఒక భాగం ఉంటుంది. ముక్క కంటికి ఎలా కనబడింది, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు అన్నది అందులో రాస్తారు. ‘మైక్రోస్కోపీ’ అంటే అద్దం కింద కనిపించినది. చివర్న ‘ఇంప్రెషన్’ లేదా ‘డయాగ్నోసిస్’ అని ఒకటి రెండు వరుసలు ఉంటాయి. తీర్పు అక్కడే ఉంటుంది. మైక్రోస్కోపీ పేరాలో కనబడే భయంకరమైన మాటలన్నీ ఆ తీర్పుకు సాక్ష్యాలు మాత్రమే. మొదట చివరి వరుస చదివి, తర్వాత వెనక్కి వెళ్ళండి.

గుట్కా, ఖైనీ, వక్కాకుతో పొగాకు నమిలే అలవాటు ఉన్న చోట తరచుగా కనబడే వరుస ఒకటి తీసుకుందాం: ‘ఇన్వేసివ్ స్క్వేమస్ సెల్ కార్సినోమా, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్, లెఫ్ట్ బకల్ మ్యూకోసా’. దీన్ని మన సమాసం లాగే చదవాలి. రాగిసంగటి అన్నప్పుడు సంగటి అసలు మాట, రాగి దాని రకం. ఇక్కడ అసలు మాట కార్సినోమా. దాని ముందున్నవి రకాన్నీ, కామా తర్వాత వచ్చేవి స్వభావాన్నీ, చోటునూ చెబుతాయి.

ఎండ్రకాయ ఎక్కడినుంచి వచ్చింది

కార్సినోమాకు మూలం గ్రీకులో ‘కర్కినోస్’, అంటే ఎండ్రకాయ. క్రీ.పూ. 460 ప్రాంతంలో పుట్టిన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేరున ఉన్న గ్రంథాల్లో మానని పుండ్లకు, గట్టి గడ్డలకు కర్కినోస్, కర్కినోమా అన్న మాటలు వాడారు. లాటిన్‌లో ఎండ్రకాయను ‘క్యాన్సర్’ అంటారు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో లాటిన్‌లో వైద్యం రాసిన కెల్సస్ దగ్గర రెండు మాటలూ కనబడతాయి. అంటే క్యాన్సర్, కార్సినోమా ఒకే జంతువుకు రెండు భాషల్లో ఉన్న పేర్ల నుంచి వచ్చాయి. మన పంచాంగంలోని కర్కాటకమూ అదే జంతువు. సంస్కృత ‘కర్కట’, గ్రీకు ‘కర్కినోస్’ దూరపు చుట్టాలని భాషావేత్తలు చెబుతారు. ఫోనులో రిపోర్టును తర్జుమా చేస్తే ఎక్కడైనా ‘కర్కాటకం’ అని రావచ్చు. దానికి రాశిఫలంతో పనిలేదు.

రోగానికి ఎండ్రకాయ పేరు ఎందుకు పెట్టారు? రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ రొమ్ము గడ్డలను చూసి, ఎండ్రకాయకు రెండు పక్కలా కాళ్ళు చాచుకున్నట్టు గడ్డ చుట్టూ రక్తనాళాలు ఉబ్బి చాచుకుంటాయని రాశాడు. ఏడో శతాబ్దపు వైద్యుడు పాల్ ఆఫ్ ఏజినా ఈ కారణంతో పాటు ఇంకొకటీ చెప్పాడు: పట్టుకున్న చోటును ఎండ్రకాయలా వదలదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు అంటారట. చెరువులో ఎండ్రకాయ కరిచిన వేలు గుర్తున్నవాళ్ళకు ఈ రెండోదే నచ్చుతుంది. ఏదేమైనా రెండూ కంటికి, చేతికి తెలిసే పోలికలే. కణాల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. రిపోర్టు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి, ఎందుకంటే ఇవాళ రిపోర్టులో వాడే కార్సినోమా అర్థం వేరు.

పాత రోజుల్లో కార్సినోమా అంటే గట్టిపడి, పుండై, మానని ఏ గడ్డయినా. 19వ శతాబ్దంలో సూక్ష్మదర్శిని కింద కణాలను చూడటం మొదలయ్యాక అర్థం ఇరుకైంది. 1865లో థీర్ష్, 1867లో వాల్డేయర్ అనే జర్మన్ వైద్యులు ఇవి శరీరాన్ని కప్పే పొరల కణాల నుంచే పుడతాయని చూపించారు. చర్మం, నోటి లోపలి పొర, పేగు లోపలి పొర, రొమ్ములో పాలనాళాల పొర, గ్రంథుల పొర, ఇవన్నీ ఆ కోవలోవే. ఇలాంటి పొరను ఎపితీలియం అంటారు. ఎపితీలియంలో పుట్టిన క్యాన్సరే కార్సినోమా. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో పదింట ఎనిమిదో తొమ్మిదో ఇవే. కాబట్టి క్యాన్సర్ అనేది ఊరి పేరైతే, కార్సినోమా అందులో పెద్ద వీధి పేరు. ‘క్యాన్సర్ కాదంట, కార్సినోమానంట’ అని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. అది పొరపాటు.

‘ఓమా’ చూసి బెదిరిపోవద్దు, ఊరుకోవద్దు

చివరి ‘ఓమా’ను వైద్యులు గడ్డ, కణితి అన్న అర్థంలో వాడతారు. దాన్ని బట్టి మాత్రం మంచిదా చెడ్డదా చెప్పలేం. లైపోమా కొవ్వు గడ్డ, మనవాళ్ళు కంతి అనేది. ఫైబ్రోమా నారగడ్డ, అడినోమా గ్రంథి గడ్డ, పాపిల్లోమా పులిపిరి లాంటిది. ఇవి క్యాన్సర్ కావు. వీటిలో కొన్నింటి మీద, పెద్దపేగులోని అడినోమా వంటి వాటి మీద, కన్నేసి ఉంచాల్సి ఉంటుందన్నది వేరే సంగతి. హెమటోమా అసలు కణితే కాదు, గడ్డకట్టిన రక్తం. గ్రాన్యులోమా టీబీలోనూ కనబడుతుంది, అదొక రకం వాపు. గ్లకోమా కంటిలో ఒత్తిడికి సంబంధించిన జబ్బు, అక్కడ గడ్డే లేదు.

ఇంకో గుంపు ఉంది, దానితోనే జాగ్రత్త. మెలనోమా, లింఫోమా, మైలోమా, సెమినోమా. పేరు వినడానికి లైపోమా అంత మెత్తగా ఉన్నా ఇవన్నీ క్యాన్సర్లే. పేరులో ‘కార్సి’ లేదని లింఫోమా రిపోర్టును బీరువాలో పెట్టి, మెడ గడ్డలకు ఆకుపసర్లు కట్టుకుంటూ నెలలు పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు.

సార్కోమా అంటే గ్రీకు ‘సార్క్స్’, మాంసం. కండ, ఎముక, కొవ్వు, నరం పొర వంటి లోపలి కణజాలంలో పుట్టే క్యాన్సర్ అది. కార్సినోమాకూ దీనికీ వైద్యం వేరు కాబట్టి ఈ కొద్ది అక్షరాల తేడాను పట్టించుకోవాలి. కొన్ని రక్త క్యాన్సర్లకు ‘ఓమా’ బదులు ‘ఎమియా’ వస్తుంది. ల్యుకీమియా అంటే తెల్ల రక్తం. 1847లో ఆ పేరు పెట్టినవాడు జర్మన్ వైద్యుడు విర్కో. ‘బ్లాస్టోమా’ అని ఉంటే గ్రీకులో ‘బ్లాస్టోస్’, అంటే మొలక. మొలకదశలోని కణాల నుంచి పుట్టేవి, పిల్లల్లో ఎక్కువ. కార్సినాయిడ్‌లో ‘ఆయిడ్’ అంటే ‘లాంటిది’. కార్సినోమాలా కనబడినా నెమ్మదిగా పెరుగుతాయని 1907లో అలా పేరు పెట్టారు. అవి అంత అమాయకమైనవి కావని తర్వాత తేలింది. ఇప్పుడు రిపోర్టుల్లో ఎక్కువగా ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమర్’ అని రాస్తారు.

ముందున్న మాటలు

‘అడినో’ అంటే గ్రంథి. కడుపు, పెద్దపేగు, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అని తరచుగా చూస్తారు. ‘స్క్వేమస్’ లాటిన్‌లో పొలుసు. చేప పొలుసుల్లా పరుచుకున్న చదును కణాల పొర అని అర్థం. నోరు, గొంతు, అన్నవాహిక, గర్భాశయ ముఖద్వారంలో ఇది ఎక్కువ. ‘డక్టల్’ అంటే నాళంలోది. బకల్ అంటే బుగ్గ లోపలిది. లాటిన్‌లో ‘బుక్కా’ బుగ్గే. శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలపొద్దు, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

అన్నిటికంటే బరువైనవి రెండే మాటలు: ‘ఇన్ సైటు’, ‘ఇన్వేసివ్’. ఎపితీలియం కింద కాగితం కంటే పలచనైన పునాది పొర ఒకటి ఉంటుంది. చేనికి గెనిమ ఎలాంటిదో దానికి అది అలాంటిది. క్యాన్సర్ కణాలు పుట్టినా గెనిమ దాటకపోతే ‘కార్సినోమా ఇన్ సైటు’. లాటిన్‌లో ఆ మాటకు ‘ఉన్న చోటే’ అని అర్థం. ఎపితీలియంలో రక్తనాళాలు, లింఫు నాళాలు ఉండవు కాబట్టి అది వేరే చోటికి పాకే దారి లేదు. గెనిమ తెగితే ‘ఇన్వేసివ్’ లేదా ‘ఇన్‌ఫిల్ట్రేటింగ్’. రొమ్ము రిపోర్టుల్లో డీసీఐఎస్ (డక్టల్ కార్సినోమా ఇన్ సైటు), ఐడీసీ (ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా) అన్న రెండు పొట్టి పేర్ల మధ్య తేడా ఇదే. ఆ అక్షరాలను సరిగా చదవకుండా బంధువులకు ఫోన్లు చేయొద్దు. గర్భాశయ ముఖద్వారం రిపోర్టులో ‘సీఐఎన్’ పక్కన 1, 2, 3 అని ఉంటే అది ఇంకా ఇన్వేసివ్ క్యాన్సర్ కాదు, దాని ముందు మెట్లు. 2, 3 వచ్చినవాళ్ళు వాయిదా వేయకుండా డాక్టరును కలవాలి.

‘మెటాస్టాటిక్ కార్సినోమా’ అని ఉంటే వేరే చోట పుట్టి ఇక్కడికి వచ్చిందని. గ్రీకులో మెటాస్టాసిస్ అంటే చోటు మారడం. 1829లో ఫ్రెంచి వైద్యుడు రెకామియే ఈ మాటను క్యాన్సర్ పాకడానికి వాడాడు. కాలేయం ముక్కలో మెటాస్టాటిక్ అడినోకార్సినోమా అంటే అది లివర్ క్యాన్సర్ కాదు, పేగుదో కడుపుదో మరొకచోటిదో లివర్‌కు చేరింది. వైద్యం పుట్టిన చోటును బట్టి ఉంటుంది. అందుకే డాక్టర్లు మళ్ళీ ఎండోస్కోపీ, స్కానింగు రాస్తారు. డబ్బు గుంజడానికని అపోహ పడొద్దు.

గ్రేడు వేరు, స్టేజీ వేరు

‘డిఫరెన్షియేటెడ్’ దగ్గర ఫోను తర్జుమా ‘పేలవంగా భేదించబడిన’ అని ఏదో అంటుంది. అర్థం ఇంతే: క్యాన్సర్ కణం తన తల్లి కణాన్ని ఎంత పోలి ఉంది. ‘వెల్’ అంటే బాగా పోలి ఉంది, ‘మోడరేట్లీ’ అంటే ఓ మోస్తరుగా, ‘పూర్లీ’ అంటే పోలిక పోయింది. పోలిక పోయేకొద్దీ దూకుడు ఎక్కువ. ఇదే గ్రేడు. రొమ్ము క్యాన్సర్‌లో దీనికి మార్కులు వేస్తారు: మొత్తం 3 నుంచి 5 వస్తే గ్రేడు 1, 6 లేదా 7 వస్తే గ్రేడు 2, 8 లేదా 9 వస్తే గ్రేడు 3.

గ్రేడు 3 చూసి ‘మూడో స్టేజీ అంట’ అని ఇంట్లో ఏడుపు మొదలుపెట్టడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. స్టేజీ అంటే ఎంత దూరం పోయిందన్నది. అది చిన్న బయాప్సీతో తేలదు, స్కానింగులు, ఆపరేషన్ తర్వాతి రిపోర్టు కలిపి చెప్పాలి. ఆపరేషన్ రిపోర్టులో ‘పీటీ2 ఎన్1’ లాంటి గుర్తులు ఉంటాయి. ‘పీ’ అంటే పెథాలజీ చూసి చెప్పింది, ‘టీ’ గడ్డ, ‘ఎన్’ లింఫు గ్రంథులు. రొమ్ములో 2 సెంటీమీటర్లు దాటి 5 వరకు ఉంటే టీ2. గ్రంథుల దగ్గర ‘2/14’ అని ఉంటే తారీఖు కాదు. 14 గ్రంథులు చూశారు, వాటిలో రెండింట్లో రోగం ఉంది. ‘మార్జిన్ ఫ్రీ’ అంటే కోసిన అంచుల్లో రోగం లేదు, మంచి మాట.

పాజిటివ్, నెగటివ్ అన్న మాటలు ఎక్కడికక్కడ తిరగబడతాయి. ‘నెగటివ్ ఫర్ మాలిగ్నెన్సీ’ అంటే క్యాన్సర్ కనబడలేదని, శుభవార్త. ‘మార్జిన్ పాజిటివ్’ చెడ్డది. రొమ్ములో ‘ఈఆర్ పాజిటివ్’ (కణాల మీద ఈస్ట్రోజన్ హార్మోను గ్రాహకాలు ఉన్నాయని) అయితే హార్మోను మాత్రలు పనిచేసే అవకాశం ఉందని, అది అక్కరకొచ్చే పాజిటివ్. హెర్2 అనే ప్రోటీను పరీక్ష దగ్గర 0, 1 ప్లస్ నెగటివ్ కింద లెక్క, 3 ప్లస్ పాజిటివ్. 2 ప్లస్ వస్తే తేలలేదని, ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి. ‘అన్‌రిమార్కబుల్’ అంటే అక్కడ చెప్పుకోదగిన తేడా ఏమీ లేదని.

తీర్పు తూకం తెలిపే చిన్న మాటలను దాటేయొద్దు. ‘కన్సిస్టెంట్ విత్’ అంటే దాదాపు అదే. ‘సజెస్టివ్ ఆఫ్’ అంటే అటువైపు మొగ్గు. ‘సస్పిషియస్ ఫర్’ అంటే గట్టి అనుమానం, రుజువు చాలలేదు. ‘ఎటిపికల్’ అంటే కణాలు తేడాగా ఉన్నాయి, క్యాన్సర్ అని చెప్పలేదు. ఈ చివరి రెండు ఉన్నప్పుడు మళ్ళీ ముక్క తీయాలా అని డాక్టరును అడగండి. ‘మాలిగ్నెంట్ నియోప్లాజం, ఐహెచ్‌సీ అడ్వైజ్డ్’ అని ఉంటే క్యాన్సరే, ఏ ఇంటిదో తెలియదు. అప్పుడు ఐహెచ్‌సీ అనే రంగు పరీక్షలు చేస్తారు. సైటోకెరాటిన్ పట్టుకుంటే సాధారణంగా కార్సినోమా, ఎల్‌సీఏ పట్టుకుంటే లింఫోమా, హెచ్ఎంబీ45 పట్టుకుంటే మెలనోమా వైపు చూస్తారు. ఈ పరీక్షకు డబ్బు, ఇంకో వారం పడతాయి. అయినా పేరు తేలకుండా కీమో మొదలుపెట్టడం కంటే వారం ఆగడమే మేలు.

ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పేటప్పుడు

తెలుగులో పాత మాటలు పుట్టకురుపు, రాచపుండు. రాచపుండు అంటే కొందరికి క్యాన్సర్, కొందరికి షుగరున్నవాళ్ళ వీపు మీద లేచే పెద్ద కురుపు. అందుకే డాక్టరుకు రోగచరిత్ర చెప్పేటప్పుడు ‘మా నాయనకు రాచపుండు ఉండె’ అని ఆపొద్దు, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ ఆసుపత్రిలో చూపించారు అన్నవి చెప్పండి. సుశ్రుతుడి ‘అర్బుదం’ గుండ్రంగా, కదలకుండా, నొప్పి తక్కువగా, లోతైన వేరుతో, నెమ్మదిగా పెరుగుతూ, చీము పట్టని గడ్డ. ఎంత బాగా గమనించాడో అనిపిస్తుంది. కానీ అందులో మంచి గడ్డలూ చెడ్డ గడ్డలూ రెండూ ఇముడుతాయి, కాబట్టి కార్సినోమాకు బదులుగా వాడలేం. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనే మాటను మాత్రం ఆ వర్ణనే కొట్టేస్తుంది.

‘మాలిగ్నెంట్’ను పేపర్లు, ఫోన్లు ‘ప్రాణాంతక’ అని తెలుగు చేస్తాయి. అది ప్రమాదకరమైన తెలుగు. పక్కకు చొచ్చుకుపోయే, పాకే గుణం ఉన్నదని చెప్పండి, చాలు. త్వరగా పట్టుకుంటే నయమయ్యే మాలిగ్నెంట్ గడ్డలు చాలా ఉన్నాయి.

ముక్క పాడైతే మాటా తప్పుతుంది

రిపోర్టు తప్పడానికి ముక్కను చూసే డాక్టరే (పెథాలజిస్టు) కాదు, సీసా కూడా కారణం కావచ్చు. తీసిన ముక్కను వెంటనే పది శాతం బఫర్ ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క ఎంత ఉంటే దానికి కనీసం పదింతల ఫార్మలిన్ ఉండాలి. సెలైన్‌లో వేస్తే ముక్క కుళ్ళడం మొదలవుతుంది, మన ఎండల్లో అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోపలికి దిగుతుంది, అందుకే పెద్ద ముక్కను పొరలుగా కోసి వేయాలి. రొమ్ము ముక్క 6 గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ ఫార్మలిన్‌లో ఉంటే ఈఆర్, హెర్2 ఫలితాలను నమ్మలేం. శనివారం సాయంత్రం తీసి, ‘సోమవారం పోదాంలే’ అనుకుని, మంగళవారం రాత్రికి చేర్చేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

సన్నమూతి సీసా వద్దు. మెత్తగా ఉన్న ముక్క లోపలికి దూరుతుంది, గట్టిపడ్డాక బయటికి రాదు. పేరు మూత మీద కాకుండా సీసా ఒంటి మీద రాయించండి, మూతలు తారుమారు అవుతాయి. ఒకే ముక్కను రెండుగా కోసి రెండు ల్యాబులకు పంపొద్దు. రోగం ఒక సగంలోనే ఉంటే రెండు రిపోర్టులు రెండు రకాలుగా వస్తాయి. రెండో అభిప్రాయం కావాలంటే అదే ల్యాబు నుంచి స్లైడ్లు, ముక్కను పొదిగిన మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. రిపోర్టు జిరాక్సు చాలదు.

కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి తిరుపతికో వేలూరుకో వెళ్ళే ముందే ఈ పని పూర్తి చేయండి, లేకపోతే అక్కడికి పోయి మళ్ళీ వెనక్కి రావాలి. బ్లాకు ఇచ్చేటప్పుడు ల్యాబువాళ్ళు సంతకం తీసుకుంటారు. బ్లాకు మీది నంబరు, రిపోర్టు నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. స్లైడ్లను ప్లాస్టిక్ స్లైడు పెట్టెలో పెట్టండి, దూదిలో చుట్టి జేబులో వేసుకుంటే బస్సులో పగులుతాయి. బ్లాకు చిన్న డబ్బాలో పెట్టి చేతిసంచిలో నీడన ఉంచండి. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులభంగా అందుకుంటుంది.